ఎఫ్రాయిము తలమీద కుడిచేయి

గుంటూరు నుంచి పొన్నూరు వైపు పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది మీకు. నిన్న పొద్దుగూకే వేళ గాంధారిలో బయల్దేరి, కామారెడ్డిలో రైలెక్కి, సికింద్రాబాదులో బండి మారి వచ్చారు. గుట్టలూ మోదుగు చెట్లూ మక్కచేన్లూ చూసి పెరిగిన కళ్లకు ఈ నేల మరీ చదునుగా ఉంది, చూపు ఎక్కడా ఆగదు. ఫిబ్రవరి చివరి శుక్రవారం. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. బస్సులో సగం మంది దగ్గుతున్నారు, ఎవరూ పట్టించుకోరు.

చేబ్రోలులో దిగుతారు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించిన నాలుగు ముఖాల బ్రహ్మ గుడి ఈ ఊళ్లోనే. దూరం నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా దాన్ని చూడడానికే వస్తారు. మీరు ఆటో అతనితో కొత్తరెడ్డిపాలెం అంటారు.

పల్లెలోకి వెళ్లేసరికి మిరపకోతల నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లు ఇంకో ఆటోలోంచి దిగుతున్నారు. కొంగులు నడుముకు బిగించి, చేతులకు పాత గుడ్డలు చుట్టుకున్నారు. ఒకామె మాత్రం కబుర్లకు ఆగదు. పొద్దు వాలిపోతోంది, దీపాలు పెట్టుకోవాలంటూ గబగబా నడుస్తుంది. ఆమె వెంట వెళ్లండి.

ఒక గది, ముందు వసారా. స్టూలు మీద ఉతికిన తెల్లగుడ్డ, దానిమీద రెండు కొవ్వొత్తులు. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వీటిని వెలిగించడం చాలా చోట్ల యూదుల వాడుక. ఆమె కాళ్లూ చేతులూ కడుక్కుని, కొంగు తలమీదికి లాక్కుని, అగ్గిపుల్ల గీస్తుంది. రెండు అరచేతులతో కళ్లు మూసుకుంటుంది. పెదవులమీద హీబ్రూ మాటలు, గొంతులో గుంటూరు యాస. రేపు సాయంత్రం ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా ఈ ఇంట్లో పని లేదు. కాబట్టి రేపు కూలి కూడా లేదు. నెలజీతం వచ్చేవాడికి విశ్రాంతి దినం సెలవు. రోజుకూలీకి అది తన చేతులారా వదులుకునే డబ్బు. గోడకు ఆనుకుని కూర్చున్న పిల్లలకు ఆ లెక్క తెలుసు. అమ్మ ఏం వదులుకుంటోందో చూస్తూనే ఉన్నారు. ఈ వ్యాసమంతా దేని గురించో అది ఈ గదిలో ఇప్పటికే జరిగిపోతోంది, ఎవరూ ఒక్క నీతి చెప్పకుండానే.

శుక్రవారం రాత్రి భోజనానికి ముందు తల్లిదండ్రులు పిల్లల తలమీద చేయి పెట్టి దీవించడం లోకంలో ఎన్నో యూదుల ఇళ్లలో ఉన్న ఆచారం. ఆడపిల్లలను శారా, రిబ్కా, రాహేలు, లేయాలలా వర్ధిల్లమంటారు. మగపిల్లలను అబ్రాహాములా అనరు, మోషేలా అనరు, దావీదులా అనరు. ఎఫ్రాయిములా, మనష్షేలా వర్ధిల్లమంటారు. ఈ పేర్లు బైబిలు చదివినవాళ్లకు తప్ప గుర్తుండవు. వీళ్లు చేసిన యుద్ధాలు లేవు, రాసిన గీతాలు లేవు. యోసేపు కొడుకులు, ఐగుప్తులో పుట్టి పెరిగిన పిల్లలు, అంతే.

ఆ కథ ఆదికాండంలో ఉంది. యాకోబు మంచాన పడ్డాడు, కళ్లు మసకబారాయి. యోసేపు ఇద్దరు కొడుకులనూ తాత దగ్గరికి తీసుకొచ్చాడు. పెద్దవాడు మనష్షేను తాత కుడిచేతి వైపు, చిన్నవాడు ఎఫ్రాయిమును ఎడమచేతి వైపు నిలబెట్టాడు. ముసలాయన చేతులు ఒకదానిమీదుగా ఒకటి చాపి, కుడిచేయి చిన్నవాడి తలమీద పెట్టాడు. యోసేపు ఆ చేయి పట్టుకుని సరిచేయబోయాడు. తండ్రి ఒప్పుకోలేదు, తెలిసే పెట్టానన్నాడు. ఇశ్రాయేలు వాళ్లు ఇక మీదట తమ పిల్లలను ఈ ఇద్దరి పేరు చెప్పి దీవిస్తారని కూడా అన్నాడు. ఈ ఇద్దరే ఎందుకని తరతరాలుగా పండితులు అడిగారు. పరాయి దేశపు రాజభవనంలో పెరిగినా తాత దేవుణ్ణి మరవలేదు కాబట్టి అన్నారు కొందరు. కయీను, హేబెలు దగ్గర మొదలై ఆ గ్రంథంలో అన్నదమ్ములంతా ఒకరినొకరు చంపుకున్నవాళ్లో, మోసం చేసుకున్నవాళ్లో. తమ్ముడికి కుడిచేయి దక్కినా కుళ్లుకోని అన్న, పొంగిపోని తమ్ముడు వీళ్లే మొదట అన్నారు ఇంకొందరు. నాకు రెండో జవాబు ఎక్కువ నచ్చుతుంది.

ఆ దీవెన ప్రేగ్‌లోనో బాగ్దాదులోనో పలికితే ఎఫ్రాయిము ఒక పోలిక. కొత్తరెడ్డిపాలెంలో పోలిక కాదు, ఇంటిపేరు లాంటిది. ఇక్కడి యూదులు తమను బెనె ఎఫ్రాయిం అంటారు, ఎఫ్రాయిము సంతతి అని. తెలుగు మాట్లాడే యూదులు వీళ్లు. పల్లెలో దాదాపు 40 కుటుంబాలు. పుట్టుకతో మాదిగలు, పనికి ఎక్కువమంది వ్యవసాయ కూలీలు.

వసారాలో చాప పరిచారు, కూర్చోండి. రొట్టె విరిచేలోగా వీళ్ల వెనకటి కథ చెబుతాను. వీళ్ల తాతముత్తాతలు క్రైస్తవంలోకి వెళ్లిన మాదిగలు. కోస్తాలో ఆ కదలిక ఎంత పెద్దదో ఒక్క రోజు చెబుతుంది: 1878 జూలై 3న, కరువు గడిచీ గడవకముందే, గుండ్లకమ్మ ఒడ్డున ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషను బాప్తిస్మం ఇచ్చింది 2,222 మందికి. దానికి నాంది పలికింది ఆ మిషను మిషనరీ జాన్ క్లౌ కంటే ముందు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. ఆ మతం వీళ్ల చేతికి పుస్తకం ఇచ్చింది, అక్షరం ఇచ్చింది. చదివిన తరాల్లో కొందరు ఆ పుస్తకం ముందు సగంలో తమ ముఖం చూసుకున్నారు. చెరలో పడ్డవాళ్లు, చెదిరిపోయినవాళ్లు, ఊరు కానివాళ్లు. బోధకుడుగా ఉన్న శమూయేలు యాకోబి 1980ల్లో యెరూషలేము చూసి వచ్చాడు. తమ ఇంట్లో పెద్దలు లోలోపల చెప్పుకున్న జ్ఞాపకం నిజమేనని, తాము తప్పిపోయిన ఎఫ్రాయిము గోత్రమని నమ్మాడు. తమ్ముడు సాదోకు యాకోబి పల్లెలోనే ఉండి సమాజాన్ని నడిపించాడు. 1991లో ఇక్కడ యూదుల ప్రార్థనామందిరం, సినగాగు, మొదలైంది.

అదే 1991లో, ఆగస్టు 6న, అప్పట్లో ఇదే గుంటూరు జిల్లాలో ఉన్న చుండూరులో 8 మంది దళితులను నరికి చంపారు. ఒకటి ఇంకోదానికి కారణమని నేను అనను. కానీ ఆ ఏడాది ఈ జిల్లాలో ఒక దళిత తండ్రి తన కొడుక్కి 'మనం ఎవరం' అన్నదానికి జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు ఆ జవాబు ఎంత బరువైనదో మీరు ఊహించుకోగలరు.

వంశం మాట నిజమేనా? చరిత్ర ఆధారం ఏదీ దొరకలేదు. వీళ్ల గురించి యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పరిశోధన గ్రంథం 2013లో వచ్చింది. కులం, మతం, గుర్తింపు ఇక్కడ ఎలా ముడిపడ్డాయో దగ్గరుండి చూసి రాశారు. ఇటు మణిపూర్, మిజోరంలలో బ్నే మెనషే అనేవాళ్లున్నారు, మనష్షే సంతతి అని చెప్పుకునేవాళ్లు. ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ఒకరు 2005లో వాళ్లను ఇశ్రాయేలు వంశస్థులుగా గుర్తించాడు. వేలమంది అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. కొత్తరెడ్డిపాలేనికి ఆ గుర్తింపు రాలేదు. యాకోబు మంచం దగ్గర కుడిచేయి తమ్ముడి తలమీద పడింది, ఈ కాలంలో ముందు పిలుపు అన్నకు వచ్చింది.

గుర్తించే అధికారం ఉన్నవాళ్లు రక్తం అడుగుతారు. అడగడం వాళ్ల ధర్మం కావచ్చు. కానీ ఈ సంప్రదాయం తన వారసత్వాన్ని ఎలా చెప్పుకుంటుందో చూడండి. మోషే సీనాయి కొండమీద అందుకుని యెహోషువకు అప్పగించాడు, యెహోషువ పెద్దలకు, పెద్దలు ప్రవక్తలకు. పితరుల నీతివాక్యాల గ్రంథం ఇలాగే మొదలవుతుంది. మోషేకు కొడుకులున్నారు. ఆ వరసలో వాళ్ల పేర్లు లేవు. అందుకున్నవాడు శిష్యుడు, సేవ చేసినవాడు. ఆ గొలుసులో కొక్కెం నెత్తురు కాదు, నేర్పు.

రొట్టె మీకూ అందింది. తినండి.

చేతికి ఇవ్వడానికి సెంటు భూమి లేనివాడు బిడ్డకు ఏం రాసిస్తాడు? భూమి ఉన్నవాళ్లు కూడా ఈ ప్రశ్న అడిగిన సంప్రదాయం ఇది. ఆస్తి పంపకాల కాగితం కాకుండా, బతకవలసిన తీరు గురించి బిడ్డలకు వీలునామా రాయడం యూదుల్లో పాత అలవాటు. 12వ శతాబ్దంలో గ్రనాడా విడిచి దక్షిణ ఫ్రాన్సులోని లూనెల్‌లో ఉన్న వైద్యుడు యూదా ఇబ్న్ తిబ్బోన్ తన కొడుకు సమూయేలుకు ఒకటి రాశాడు. దాంట్లో ప్రేమ ఎంతుందో నిష్ఠూరం అంతుంది. నీ కోసం ఇన్ని పుస్తకాలు కూడబెడితే తెరిచి చూడవు, అరబ్బీ నేర్పడానికి గురువును పెడితే శ్రద్ధ పెట్టవు, నీ దస్తూరి బాగాలేదు అంటాడు. బీరువాలకు మంచి బట్ట కప్పు, ఎవరికైనా పుస్తకం ఇస్తే రాసిపెట్టుకో, భార్యను గౌరవంగా చూసుకో అంటాడు. మన నాన్నలే. ఆ కొడుకు 1204లో యూదు తత్వవేత్త మైమోనిడీస్ మహాగ్రంథాన్ని అరబ్బీ నుంచి హీబ్రూలోకి తెచ్చాడు. తండ్రి శ్రద్ధలేదని తిట్టిన ఆ అరబ్బీ నుంచే. చూడడానికి తండ్రి అప్పటికి లేడు.

ఇంకొకామె గ్లికెల్, 17వ శతాబ్దపు హాంబర్గ్‌లో పుట్టింది. 1689లో భర్త హయీం పోయాడు. రాత్రులు నిద్రపట్టక 1691లో కలం పట్టి, బిడ్డలకోసం యిద్దిష్‌లో తన బతుకు రాసుకుంది. కొడుకు మోషే దాన్ని నకలు రాసి కాపాడాడు. అచ్చయింది 1896లో, అంటే మొదలుపెట్టిన 205 ఏళ్లకు. మొదట్లోనే ఆమె ఒక పక్షి కథ చెబుతుంది. తుఫానులో తండ్రిపక్షి మూడు పిల్లలను ఒక్కొక్కటిగా కాళ్లతో పట్టుకుని సముద్రం దాటించాలి. మొదటిదాన్ని నడిమధ్య అడిగింది: ఇంత కష్టపడుతున్నాను కదా, నేను ముసలినైతే నన్ను ఇలా చూస్తావా? చూస్తానంది పిల్ల. అబద్ధమని నీళ్లలో వదిలేసింది. రెండోదీ అదే చెప్పింది, దానికీ అదే గతి. మూడోది, మాట ఇవ్వలేను నాన్నా, కానీ నువ్వు నాకు చేసింది నా పిల్లలకు చేస్తాను అంది. దాన్ని ఒడ్డుకు చేర్చింది.

క్రూరమైన కథ. ఒక తల్లి తన బిడ్డలకు ఈ కథ చెప్పడం మొదట నాకు మింగుడుపడలేదు. కానీ మనం పితృఋణం అనేదీ ఇదే దారి కదా. పుట్టించినవాళ్లకు తీర్చలేని బాకీ పుట్టినవాళ్లకు చెల్లించమనే. గ్లికెల్ దాన్ని ఇంకాస్త బిగించింది. తండ్రికి నచ్చే మాట చెప్పిన పిల్లలు మునిగిపోయాయి. నిజం చెప్పింది దరిచేరింది.

నిజం చెప్పడం, ప్రశ్న అడగడం పిల్లల హక్కుగా పెట్టిన పండుగ కూడా ఒకటి వీళ్లకుంది. తెలుగు బైబిలు చదివేవాళ్లకు దాని పేరు పస్కా. మరో నెలా నెలన్నరలో, నిండు పున్నమి వెన్నెల్లో వస్తుంది. పులియని రొట్టె, చేదుకూర బల్లమీద పెడతారు. చేదు ఎందుకో మీకు వివరించనక్కర్లేదు, ఉగాది పచ్చడిలో వేపపువ్వు కొరికిన నోరు మీది. ఆ రాత్రి ఇంట్లో అందరికంటే చిన్నవాడు లేచి, మిగతా రాత్రులకూ ఈ రాత్రికీ తేడా ఏమిటని అడగాలి. అడిగితేనే పెద్దలు బానిసత్వం కథ ఎత్తుకోవాలి. అడిగేవాళ్లు ఎన్ని రకాలో కూడా ఆ పండుగ పుస్తకం నలుగురు పిల్లలను పెట్టి చెబుతుంది. తెలివైనవాడు, ఎదురు తిరిగేవాడు, అమాయకుడు, అడగడమే తెలియనివాడు. నాలుగోవాడి దగ్గర పెద్దవాళ్లే నోరు విప్పాలి. ఎదురు తిరిగేవాణ్ణి కసరుతారు, కానీ బల్ల దగ్గరనుంచి లేపరు. ప్రతి తరంలోనూ ప్రతి మనిషీ ఐగుప్తు నుంచి తానే బయటపడినట్టు తలచుకోవాలని నియమం.

శనివారం పొద్దున. సినగాగులో మీరు వెనక వరుసలో కూర్చున్నారు. పెద్ద గోపురాలేమీ లేవు, పల్లె ఇళ్ల మధ్య ఒక చిన్న కట్టడం. పిల్లలు పుస్తకంలో వేలు పెట్టి వరస తప్పకుండా చదవడానికి అవస్థ పడుతున్నారు. ఆ అవస్థ చూస్తుంటే యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్మూదు పేజీ గుర్తొస్తుంది నాకు. 1520 నుంచి 1523 మధ్య వెనిస్‌లో డేనియల్ బోంబెర్గ్ అచ్చువేసిన రూపమే ఇప్పటికీ నడుస్తోంది. పేజీ నడుమ మూలం. ఒకపక్క రాషీ వ్యాఖ్య, ఆయన ఫ్రాన్సులోని ట్రాయ్‌లో 1105 దాకా బతికాడు. ఇంకోపక్క ఆయన తర్వాతివాళ్ల వ్యాఖ్యలు. ఆ తర్వాతివాళ్లలో ఆయన మనవళ్లున్నారు. వాళ్లు అదే పేజీలో తాతతో విభేదిస్తారు. మనవడు రబ్బేను తామ్ చేతికీ నుదుటికీ కట్టుకునే తోలుపెట్టెల్లో చీటీల వరస మీద కూడా తాతను కాదన్నాడు. ఇప్పటికీ కొందరు భక్తులు తాత చెప్పిన జత ఒకటి, మనవడు చెప్పిన జత ఒకటి, రెండూ కట్టుకుంటారు. ఎవరినీ పేజీలోంచి తీసేయలేదు.

ఈ కాదనడం ధర్మశాస్త్రం గుండెదాకా వెళ్లింది. తండ్రుల దోషం మూడు నాలుగు తరాలదాకా పిల్లలమీదికి వస్తుందని మోషే పేరుమీద ఉన్న మాట. బబులోను చెరలో ఉన్నవాళ్లు ఆ మాటను సామెత చేసుకుని ఏడ్చారు: పుల్లటి ద్రాక్ష తిన్నది తండ్రులైతే పళ్లు పులిసింది పిల్లలకని. యెహెజ్కేలు ప్రవక్త లేచి ఇక ఆ సామెత చెల్లదన్నాడు. ఎవరి పాపం వారిదే, కొడుకు తండ్రి దోషం మోయడు. తాల్మూదు పండితులు ఇంకో అడుగు వేసి, మోషే ఇచ్చిన తీర్పును యెహెజ్కేలు వచ్చి కొట్టేశాడని బాహాటంగా చెప్పారు. మోషేను తక్కువ చేయకుండానే.

కొత్తరెడ్డిపాలెంలో ఈ మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. పూర్వజన్మ పాపమనీ, ఆదిలో ఎవరో చేసిన తప్పనీ చెప్పి తరాలకొద్దీ పళ్లు పులియబెట్టిన నేల ఇది. కాగితం మీదా ఆ పులుపు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత సిక్కులకు, బౌద్ధులకు. క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలు ఆంధ్రలో బీసీ-సీ. యూదులమంటే పెట్టడానికి గడే లేదు. ఊరికి మాత్రం వాళ్లు మాదిగలే. వీధి మారలేదు, కూలి మారలేదు. పిల్లవాడి చేతికి అందిన కథ మారింది.

ఇక మీ ఊరికి పదండి.

గాంధారి. కామారెడ్డి జిల్లా 2016లో ఏర్పడకముందు ఇది నిజామాబాద్ జిల్లా. ఆ జిల్లాలోనే బోధన్ దగ్గర ఆందాపూర్, చిందుల ఎల్లమ్మ ఊరు. 2005లో ఆమె పోయేదాకా చిందు యక్షగానం అంటే ఈ వైపు ఆమె ముఖమే గుర్తొచ్చేది. చిందువాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగలకు వాళ్ల పుట్టుక కథ ఆడి చూపించడం వాళ్ల హక్కు, విని, త్యాగం అనే రుసుము చెల్లించడం మాదిగల బాధ్యత. కొత్తరెడ్డిపాలెం తన కథను పుస్తకంలో వెతుక్కుంది. ఇక్కడ కథే ఇంటికి నడిచి వస్తుంది, గజ్జెలు కట్టుకుని.

మాదిగవాడలో రాత్రి పది దాటింది. రెండు గుంజలు, ఒక తెర, కరెంటు స్తంభం నుంచి లాగిన బల్బు. హార్మోనియం, మద్దెల, తాళాలు. ముఖాలకు అర్దళం, తలమీద అద్దాలు తాపిన కిరీటాలు. సోయ కోసిన చేను నుంచి గాలి వస్తోంది. చలి లేకపోయినా అవ్వలు చెద్దర్లు కప్పుకున్నారు. పిల్లలంతా ముందు, మట్టిలో. మీరు వాళ్ల వెనక, ఒక అవ్వ పక్కన కూర్చోండి. ఆమె జరిగి చోటిస్తుంది.

జాంబపురాణం. భూమి కంటే ఆరు నెలలు ముందే పుట్టిన ఆది జాంబవుడు తెర వెనక నుంచి అడుగేస్తాడు. ఎదురుగా బ్రాహ్మణ వేషం. ఎవరు పెద్ద? వాదం మొదలైంది. సృష్టికి ముందు నువ్వెక్కడున్నావు, నీ తల్లెవరు, నీ మంత్రం ఎవరిది? ప్రశ్నకు ప్రశ్న, తాళం మీద తాళం. బ్రాహ్మణుడు మాట తడబడినప్పుడల్లా వాడంతా నవ్వుతుంది. ఈ నవ్వు నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. పగలంతా ఎవరింటి ముందో నిలబడ్డవాళ్లు రాత్రి తమ ఇంటి ముందు కూర్చుని, పెద్దరికం తమదని తేలడం కళ్లారా చూస్తున్నారు.

మీ ముందున్న పిల్లవాడు వెనక్కి తిరిగి, "అవ్వా, మనోడే పెద్దోడైతే మన ఇండ్లు ఊరి బయట ఎందుకున్నయే?" అని అడుగుతాడు.

"గదే చెప్తడు ఇగ. ఇను" అంటుంది అవ్వ.

చెప్తాడు. దేవతలు కామధేనువు మాంసం వండించుకున్నారు. కుండలోంచి ఒక ముక్క కిందపడింది. వండే కుర్రవాడు చెన్నయ్య దాన్ని ఎత్తి, దుమ్ము ఊది, మళ్లీ కుండలో వేశాడు. వంట మైలపడింది, మాదిగలకు శాపం తగిలింది. ఒక్కో చోట ఒక్కోలా చెప్పే కథ ఇది, ఈ మేళం ఇలా ఆడుతోంది. వాడలో నవ్వు ఆగిపోయింది. అంతదాకా గెలిచినవాడు తలవంచాడు.

"ముక్క ఊదినందుకే?" అంటాడు పిల్లవాడు.

అవ్వ జవాబు చెప్పదు. చెద్దరు వాడిమీద కూడా కప్పుతుంది. అడగడం తెలిసినవాడే వీడు. జవాబు చెప్పేవాళ్లు ఇంకా పుట్టుకురావాలి. ఈ వాడలో వాళ్ల అమ్మానాన్నల తరం ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ ఉద్యమంలో నడిచిన తరం. 1994లో ఈదుముడిలో మొదలైన దండోరా, పేరు చివర మాదిగ అని ధైర్యంగా రాసుకోవడం నేర్పింది. సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న వర్గీకరణ చెల్లుతుందని చెప్పేసరికి ఉద్యమానికి 30 ఏళ్లు. మోసిన సిగ్గును పక్కనపెట్టి పేరును మాత్రం ఉంచుకున్నవాళ్లు వీళ్లు. పిల్లవాడి ప్రశ్నకు సగం జవాబు అక్కడ ఉంది.

తెల్లవారింది. వేషాలు కడిగేసుకున్నారు. త్యాగం లెక్క తెమలలేదు, ఇంటింటికీ బియ్యం, డబ్బులు అడుగుతున్నారు. ఇచ్చేవాళ్లు ఇస్తున్నారు, తప్పించుకునేవాళ్లు తప్పించుకుంటున్నారు. రాత్రి జాంబవుడు ఇప్పుడు లుంగీ కట్టుకుని వేపపుల్ల నములుతున్నాడు. ఆయన బిడ్డ డిగ్రీ చదువుతోంది, సెలవుకు వచ్చి మేళం వెంట నడుస్తోంది. గజ్జె కట్టలేదు, కట్టమని ఆయన అడగలేదు. పొడుగు నోటుబుక్కు ఒకటి ఒళ్లో పెట్టుకుంది. బాపు పోతే ఈ పదాలు పోతాయని రాసుకుంటోంది.

రాత్రి ఆడింది ఆయన వరసగా చెబుతున్నాడు, రాగం లేకుండా. రాగం లేకపోతే మాట గుర్తుకు రాదు కనుక మధ్యమధ్య తొడమీద తాళం వేసుకుంటున్నాడు. వాదం అంతా రాసింది. చెన్నయ్య దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆపింది.

"ఇది గూడ రాయాల్నా బాపూ? నాకు రాయబుద్ధి అయితలేదు."

ఆయన వేపపుల్ల ఊసి ఆమె వైపు చూస్తాడు. "మా తాత చెప్పిండు, నేను చెప్తున్న. నడుమ ఇడిసిపెడ్తే కథ తెగుతది."

"తప్పు మనది కాదు గదా. ఎవడో ముక్క ఊదిండని నేనెందుకు రాయాలె?"

"నేనన్ననా మనదని?"

"పోరగాండ్లు గదే అనుకుంటరు. రాత్రి ఒకడు అడిగిండు, నువ్వు ఇన్లే."

"ఇన్న. వేషంల ఉన్న, ఎట్ల చెప్త?" కాసేపు ఆగుతాడు. "రాయి బిడ్డా. రాసి, దాని కింద నువ్వు అడిగింది గూడ రాయి. నేను ఆడేటప్పుడు అది గూడ అంట."

"నువ్వంటవా? జాంబవుని నోట?"

"ఎవని నోటనో చూద్దాం. ముందుగాల రాయి."

ఆమె శాపం నాలుగు వరసల్లో రాస్తుంది. పక్కన గీత కొట్టి, పేజీలో మిగిలిన జాగాలో తన ప్రశ్న మొదలుపెడుతుంది. ఆయన తల వంచి చూస్తున్నాడు, చదవడం రాదు. ఏం రాసినవో సదువు అంటాడు. ఆమె చదువుతుంది. రెండో మాట దగ్గర ఆయన ఆపి, అది తాళంలో కుదరదు, మార్చమంటాడు.